రంగు వేయడానికి ముందు: రెజిన్ బొమ్మల శుభ్రతలో దాగిన వైద్య చరిత్ర



ఇటీవల అనేక గృహాలలో ఒక కొత్త వ్యాపకం కనిపిస్తున్నది. సిలికోన్ రబ్బరుతో అచ్చు తయారుచేసుకోవడం, రెండు సీసాలలోని ద్రవాలను తగిన పాళ్లలో కలిపి ఆ అచ్చులో పోయడం, గట్టిపడిన తరువాత బొమ్మ శిరస్సు, చేతులు, విమానపు రెక్కలు, బండి చక్రాలు వంటి విడిభాగాలను వెలికితీసి, అతికి, రంగులు వేయడం. కళాశాల విద్యార్థులు మొదలుకొని పదవీ విరమణ చేసిన నావంటి వృద్ధుల వరకు దీనిపై ఆసక్తి చూపుతున్నారు. చేతికి నేర్పును, మనస్సుకు నిలకడను ఇచ్చే వ్యాపకమే గనుక దీనిని నేను ఆక్షేపించను.

అచ్చులోంచి తీసిన ముక్కకు వెంటనే రంగు వేయరాదని ఈ విద్య నేర్పేవారందరూ చెబుతారు. అదనపు తొడిమలను కోయాలి, అంచులను ఆకురాయితో అరగదీయాలి, నీరు తడుపుతూ ఉప్పుకాగితంతో రుద్దాలి, సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. ఎందుకని అడిగితే “రంగు నిలవడానికి” అని సమాధానం వస్తుంది. అది సత్యమే, కాని అర్ధసత్యం. ఆ కడగడం, ఆ తడపడం, ఆ వేచివుండడం బొమ్మకు ఎంత మేలో చేసేవారి చేతులకు, ఊపిరితిత్తులకు అంతకంటె ఎక్కువ మేలు. వైద్యశాస్త్రం ఈ పాఠాలను ఎందరో శ్రామికుల రోగాల నుండి నేర్చుకున్నది. ఆ చరిత్రను మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన బొమ్మలు, మన లక్క

రంగుకు ముందు తగిన నేలను సిద్ధం చేయాలన్న జ్ఞానం మనకు కొత్తది కాదు. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిని, రంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో అతికి, సున్నపు పూత పూసి, ఆ తరువాతనే కుంచె పట్టుకుంటారు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరిగే పట్టుపై ఎక్కించి, రంగు కలిపిన లక్కను ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. లక్క ఒక సన్నని పురుగు స్రవించే సహజమైన రెజిన్. గుగ్గిలం, సాంబ్రాణి చెట్ల నుండి వచ్చే రెజిన్లు. కనుక “రెజిన్” అన్న మాట పరాయిదైనా వస్తువు మనకు చిరపరిచితమే.

ప్రకృతి ఇచ్చినదంతా నిరపాయమని మాత్రం అనుకోరాదు. అందుకు మన భాషలోనే ఒక నిదర్శనం ఉన్నది.

“జీడి” అన్న మాట చెప్పే వైద్యం

పచ్చి మామిడికాయ తొడిమ నుండి కారే సొనను మనం జీడి అంటాము. అది మూతికి తగిలితే పుండు పడుతుందని పల్లెలో పెరిగిన ప్రతి బాలుడికీ తెలుసు. బట్టలపై చెరగని గుర్తు పెట్టడానికి రజకులు వాడే గింజ నల్లజీడి. పప్పు కోసం పండించేది జీడిమామిడి. ఈ మూడు వృక్షాలూ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే కుటుంబానికి చెందినవి. వాటి రసాలలో చర్మాన్ని రేపే పదార్థాలు కూడ ఒకదానికొకటి దగ్గరి బంధువులే. శాస్త్రం చెప్పకముందే మన పూర్వీకులు మూడింటికీ ఒకే మాట పెట్టుకున్నారు.

జపానులో ఉరుషి అనే చెట్టు పాలతో పాత్రలకు మెరుగుపూత వేసే కళ అతి ప్రాచీనమైనది. ఆ చెట్టు కూడ జీడి కుటుంబానిదే. ఆ పనిలో ప్రవేశించినవారికి చేతులపై, ముఖంపై వచ్చే దద్దుర్లను వారు “ఉరుషి కబురే” అంటారు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో జపాను రసాయన శాస్త్రవేత్త మజిమా ఆ పాలలోని ఉరుషియోల్ అనే పదార్థపు నిర్మాణాన్ని తేల్చాడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశానికి వచ్చిన అమెరికన్ సైనికులలో కొందరికి మెడ వెనుక, నడుము వద్ద ఎర్రని దద్దుర్లు లేచాయి. పరిశీలించగా, చాకిరేవు నుండి వచ్చిన దుస్తులపై నల్లజీడితో పెట్టిన గుర్తు ఎక్కడ ఆనుకున్నదో అక్కడే దద్దురు పుట్టినట్లు తేలింది. 1943లో ఆ సైనిక వైద్యులు ఈ విషయాన్ని అమెరికా వైద్య పత్రికలో ప్రకటించారు. ఆ గుర్తు ఎండిపోయినది, ఉతికినది. అయినా చర్మానికి తగిలిన ఆ కొద్దిపాటి పదార్థమే చాలింది. గట్టిపడిన రెజిన్ ముక్కను చేత పట్టుకునేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

చర్మానికి జ్ఞాపకం ఉన్నది

1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి చర్మంలో కొమ్మల వంటి చేతులున్న కణాలను కనుగొన్నాడు. అవి నాడీకణాలని ఆయన భావించాడు. అవి రోగనిరోధక వ్యవస్థకు కావలి కణాలని తేలడానికి సుమారు నూరేళ్లు పట్టింది. 1895లో గ్రాజ్ నగరంలో జరిగిన జర్మన్ చర్మవైద్యుల సభలో యోసెఫ్ యాదస్సోన్ ఒక కొత్త పరీక్షను వివరించాడు. పాదరసపు మందు పడని రోగి చర్మంపై అదే పదార్థాన్ని చిన్న పట్టీగా అంటిస్తే, ఆ చోట దద్దురు లేచింది. నేటి “పాచ్ టెస్ట్” అప్పుడే పుట్టింది.

ఇందులోని తత్త్వం ఇది. కొన్ని చిన్న అణువులు చర్మపు పొరను దాటి లోపలి మాంసకృత్తులకు అంటుకుంటాయి. కావలి కణాలు ఆ సంగతిని లింఫు గ్రంథులకు చేరవేస్తాయి. సుమారు రెండు వారాలలో శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మొదటిసారి ఏమీ కాదు. పదిసార్లు తాకినా ఏమీ కాకపోవచ్చు. ఒకనాడు ఆ జ్ఞాపకం ఏర్పడిన తరువాత మాత్రం అణుమాత్రం తగిలినా దద్దురు తప్పదు, ఆ గుణం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. “ఇన్నాళ్లూ చేతులతోనే చేశాను, నాకేమీ కాలేదు” అనే మాటను వృత్తిరోగుల నోట నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట రక్షణకు హామీ కాదు.

మానవుడు చేసిన రెజిన్లు

కృత్రిమ రెజిన్ల యుగానికి బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ ఆద్యుడు. 1907లో ఆయన ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లతో బేకలైట్‌ను రూపొందించి, 1909లో లోకానికి ప్రకటించాడు. పాత ఇళ్లలోని నల్లని విద్యుత్ స్విచ్చులు, టెలిఫోన్లు దానితో చేసినవే.

మనకు మరింత దగ్గరిది ఎపాక్సీ. దాని పుట్టుక దంతవైద్యంతో ముడిపడి ఉన్నది. స్విట్జర్లాండులో పియర్ కాస్టన్ అనే రసాయన శాస్త్రవేత్త కట్టుడు పళ్లకు తగిన పదార్థాన్ని వెదుకుతూ 1938 ప్రాంతంలో దీనిపై పేటెంటు కోరాడు. బాసెల్ నగరపు సిబా సంస్థ ఆ హక్కులను తీసుకుని, 1946లో అరాల్డైట్ పేరుతో జిగురుగా విపణికి తెచ్చింది. మన ఇళ్లలో పగిలిన వస్తువులను అతికే ఆ రెండు గొట్టాల జిగురు, నేడు పిల్లలు అచ్చులో పోసే రెజిన్ ఒకే వంశానికి చెందినవి.

గొట్టంలో ఉన్నప్పుడు ఎపాక్సీలోని ముఖ్యమైన అణువు చిన్నది, దాని అణుభారం సుమారు 340. అంత చిన్న అణువు చర్మంలోకి సులభంగా దూరగలదు. హార్డెనర్‌తో కలిసి అణువులు గొలుసులుగా, వలగా అల్లుకున్న తరువాత ఆ శక్తి ఉండదు. అంటే పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీ దాదాపు నిరపాయకరం, సగం గట్టిపడినది ప్రమాదకరం. చిక్కంతా చేతికి గట్టిగా తగలడం, రసాయనికంగా పూర్తికావడం ఒకటి కాకపోవడంలోనే ఉన్నది. పాళ్లు తప్పినా, సరిగా కలపకపోయినా, చలి ఎక్కువగా ఉన్నా, ముక్క రాయిలా కనిపిస్తూనే లోపల మిగిలిపోయిన చిన్న అణువులను దాచుకుంటుంది. మరునాడే అరగదీస్తే అవి ధూళితో పాటు వెలువడతాయి.

మూడవది పాలీయూరిథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బాయర్, ఆయన సహచరులు దీనికి మార్గం కనుగొన్నారు. ఇందులో ఒక పాలు ఐసోసయనేట్. దానితో పనిచేసిన కార్మికులకు ఉబ్బసం వంటి శ్వాసరోగం వచ్చిందని 1951లో ఫ్రాన్సు వైద్యులు వెల్లడించారు. నేడు వృత్తి సంబంధమైన ఉబ్బసానికి ప్రసిద్ధ కారణాలలో ఐసోసయనేట్లు ఒకటి. ఈ పేరు వినగానే మనకు 1984 భోపాల్ స్ఫురిస్తుంది. అక్కడ వెలువడినది అతి త్వరగా ఆవిరయ్యే మిథైల్ ఐసోసయనేట్. పోతరెజిన్లలో సాధారణంగా వాడే ఎం.డి.ఐ. అదే వర్గానిదైనా దానితో సమానం కాదు, చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది. కనుక భయభ్రాంతులు కానక్కరలేదు, నిర్లక్ష్యమూ పనికిరాదు.

నాలుగవది వెలుతురు సోకితే గట్టిపడే రెజిన్. 1984లో అమెరికాకు చెందిన చార్లెస్ హల్ దీనితో పొరలు పొరలుగా వస్తువును నిర్మించే యంత్రానికి పేటెంటు కోరాడు. నేటి ఇంటి త్రీడీ ప్రింటర్లలో ఒక తెగ దాని సంతానమే. ఇందులోని ఏక్రిలేట్లు చర్మానికి బలమైన ఎలర్జీ కారకాలు. 2012లో అమెరికా స్పర్శజన్య చర్మశోథ వైద్యుల సంఘం ఏక్రిలేట్లను ఆ సంవత్సరపు ముఖ్య ఎలర్జీ కారకంగా ప్రకటించింది. ఈ వర్గపు పదార్థాలు పంటి పూరకాలలో, ఎముకలను అతికే సిమెంటులో, గోళ్ల జెల్ రంగులలో ఉంటాయి. ఇరవై ఏళ్ల వయస్సులో బొమ్మలు చేస్తూ ఏక్రిలేట్లకు ఎలర్జీ తెచ్చుకున్నవారికి అరవై ఏళ్ల వయస్సులో పన్ను బాగు చేయించుకోవడం, మోకీలు మార్పించుకోవడం చిక్కు సమస్య కావచ్చు.

ఇంటి మూలన వెలసిన కర్మాగారం

ఈ రసాయనాలు చాలాకాలం కర్మాగారాల గోడల మధ్యనే ఉన్నాయి. అక్కడ గాలిని బయటకు లాగే పంకాలు, చేతితొడుగులు, తనిఖీ అధికారులు ఉండేవి, కనీసం ఉండాలన్న చట్టమైనా ఉండేది. 1980లలో జపానులో ఔత్సాహికులు గది ఉష్ణోగ్రతలోనే గట్టిపడే సిలికోన్ రబ్బరుతో అచ్చులు చేసి, పాలీయూరిథేన్ పోసి, తమకిష్టమైన పాత్రల బొమ్మలను కొద్ది సంఖ్యలో తయారుచేయడం మొదలుపెట్టారు. వాటికి “గ్యారేజ్ కిట్” అన్న పేరు స్థిరపడింది. ఒసాకా ప్రాంతంలో ఒక చిన్న దుకాణంగా ఆరంభమైన కైయోదో వంటి సంస్థలు దీనితోనే పేరు పొందాయి. అక్కడి నుండి ఈ విద్య ప్రపంచమంతా పాకింది. రసాయనం ఇంటికి వచ్చింది, కర్మాగారపు రక్షణలు మాత్రం వెంట రాలేదు.

అచ్చు నుండి తీసిన ముక్కపై రెండు రకాల మలినాలు ఉంటాయి. ఒకటి, ముక్క అచ్చుకు అంటుకోకుండా పూసే మైనం లేదా సిలికోన్ జిడ్డు. దీనివల్ల రంగు నిలవదు, పొరలుగా ఊడివస్తుంది. రెండవది, పూర్తిగా కలవక ఉపరితలంపై మిగిలిన రెజిన్. దీనివల్ల చర్మం నిలవదు. ఒకే సబ్బునీరు మొదటిదాన్ని తొలగిస్తూ రెండవదాన్ని కూడ చాలావరకు కడిగివేస్తుంది. వెలుతురు రెజిన్‌కు మాత్రం ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్నానం కావాలి.

కడగడం ఎంత గొప్ప వైద్యం?

1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్, పొగగొట్టాలు ఊడ్చేవారికి వృషణపు తిత్తిపై వచ్చే కాన్సరుకు చర్మపు మడతలలో పేరుకుపోయిన మసి కారణమని వ్రాశాడు. ఒక వృత్తిలోని పదార్థానికి, కాన్సరుకు ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చూపిన తొలి రచనలలో అది ఒకటి. మూడేళ్ల తరువాత డెన్మార్కులో పొగగొట్టాల పనివారి సంఘం తమవారు ప్రతిదినం స్నానం చేయాలని నియమం పెట్టింది. 1892లో హెన్రీ బట్లిన్ అనే ఆంగ్ల వైద్యుడు పరిశీలించగా, ఈ వ్యాధి ఇంగ్లండులో ఎక్కువగాను, ఐరోపా ఖండంలో అరుదుగాను కనిపించింది. అక్కడివారు శరీరానికి అంటిపెట్టుకునే రక్షక దుస్తులు ధరించడం, రోజూ కడుక్కోవడం అందుకు కారణాలని ఆయన తేల్చాడు. మందు లేదు, శస్త్రం లేదు. సబ్బు, నీరు, దుస్తులు ప్రాణాలను కాపాడాయి. రెజిన్ వల్ల అటువంటి కాన్సరు వస్తుందని నేను చెప్పడం లేదు. చర్మంపై నిలిచివుండే పదార్థాన్ని సకాలంలో కడగడం ఎంతటి రక్షణో చూపడానికే ఈ ఉదాహరణ.

ధూళికి నీరే విరుగుడు

1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని శ్రామికుల వ్యాధులపై గ్రంథం ప్రచురించాడు. రోగిని “నీ వృత్తి ఏమిటి?” అని అడగడం వైద్యుని ధర్మమని చెప్పినవాడు ఆయనే. రాళ్లు చెక్కేవారు పీల్చే ధూళి వారి ఊపిరితిత్తులకు చేసే చెరుపును ఆయన వర్ణించాడు.

ఆ హెచ్చరిక వచ్చిన 230 ఏళ్లకు కూడ లోకం వినలేదు. 1930–31లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, గాలీ బ్రిడ్జ్ సమీపాన కొండను తొలిచి సొరంగం వేశారు. నీటితో తడుపుతూ తొలిచే పద్ధతి అప్పటికే తెలుసు. త్వరగా పని ముగించాలని పొడిగానే తొలిచారు. సిలికా ధూళిని పీల్చి వందలాది కార్మికులు మరణించారు. వారిలో అధికులు నల్లజాతివారు. మన దేశంలో, మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలకలపై వ్రాసే బలపాలు కోసే పనివారికి చిన్న వయస్సులోనే తీవ్రమైన సిలికోసిస్ వచ్చినట్లు అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధనలు చూపాయి. నా తరంవారు అక్షరాలు దిద్దినది అటువంటి బలపాలతోనే.

రెజిన్ ధూళి సిలికా ధూళి కాదు. ఇంట్లో వారానికి ఒక గంట చేసే పని గనిపనితో సమానమూ కాదు. అయినా కొన్ని రెజిన్లలో బరువు కోసం, గట్టిదనం కోసం సిలికా, గాజునార, లోహపు పొడి, రాతిపొడి కలుపుతారు. అవి లేకున్నా సన్నని ధూళి శ్వాసనాళాలను రేపుతుంది. ఉబ్బసం ఉన్నవారికి అదే చాలు. తడిపి రుద్దితే ధూళి గాలిలోకి లేవక నీటిలోనే నిలుస్తుంది. బొమ్మ నునుపు కోసం చేసే “తడి రుద్దుడు” వెనుక గనుల చరిత్ర ఉన్నది.

మీరు పాటించవలసిన క్రమం

ఈ చరిత్ర నుండి తేలే ఆచరణను క్రమంగా చెబుతాను.

1. వేచివుండండి. డబ్బాపై వ్రాసిన పాళ్లను తూకం వేసి కలపండి. ఎపాక్సీ ముక్క చేతికి గట్టిగా తగిలినా, పూర్తిగా గట్టిపడడానికి వారం వరకు పట్టవచ్చు. అంతవరకు అరగదీయవద్దు. ఉపరితలం జిగటగా ఉంటే దానిని అసలే రుద్దవద్దు.

2. ముందు కడగండి, తరువాత రుద్దండి. చాలామంది దీనిని తిరగవేస్తారు. రుద్దినప్పుడు జిడ్డు గీతలలోకి చొచ్చుకుపోతుంది. గోరువెచ్చని నీటిలో పాత్రలు తోమే సబ్బు కలిపి, పాత పళ్లకుంచెతో మూలమూలలా తోమండి. ఆ కుంచెను, గిన్నెను మరి దేనికీ వాడరాదు. వంటింటి తొట్టిలో ఈ పని చేయరాదు.

3. వెలుతురు రెజిన్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరిన తరువాత వెలుతురులో గట్టిపరచండి. ఆ ఆల్కహాల్ త్వరగా అంటుకుంటుంది. పొయ్యి, దీపం, అగరువత్తి సమీపంలో ఉండరాదు. వాడిన ద్రవాన్ని కాలువలో పోయరాదు.

4. తడిపి రుద్దండి. నీటికి తట్టుకునే ఉప్పుకాగితం 400 నంబరుతో మొదలుపెట్టి 600, 800లకు వెళ్లవచ్చు. పేరుకున్న బురదను ఆరనీయక తడిగుడ్డతో తీసివేయండి. ఆరితే అది మళ్లీ ధూళే. చీపురుతో ఊడ్చవద్దు. పంకా క్రింద, పడకగదిలో, పిల్లలు ఆడే చోట ఈ పని వద్దు.

5. మళ్లీ కడిగి పరీక్షించండి. ముక్కపై నీరు పలుచని పొరగా పరుచుకుంటే శుభ్రమైనట్లు. తామరాకుపై నీటిబొట్టులా ముత్యాలు కడితే జిడ్డు మిగిలివున్నట్లు. పూర్తిగా ఆరిన తరువాతనే ప్రైమర్ వేయండి.

6. చేతులకు నైట్రైల్ తొడుగులు వాడండి. వాటిపై రెజిన్ పడితే వెంటనే మార్చండి. చర్మానికి అంటిన రెజిన్‌ను థిన్నర్‌తో, ఎసిటోన్‌తో తుడవవద్దు. అవి చర్మపు సహజమైన జిడ్డును కరిగించి, రెజిన్ లోపలికి పోవడానికి దారి తీస్తాయి. సబ్బు, నీరు చాలును.

7. చేతిరుమాలు కట్టుకోవడం రక్షణ కాదు. ధూళికి ఎన్95 ముసుగు తగినది. అయితే అది ఆవిరిని ఆపదు. రెజిన్ కలిపేటప్పుడు, రంగు చిమ్మేటప్పుడు గాలి ధారాళంగా ఆడాలి. ఆ పని తరచుగా చేసేవారికి ఆవిరిని పీల్చుకునే బొగ్గు గుళికలున్న ముసుగు అవసరం. కళ్లద్దాలు మరువవద్దు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

వేళ్ల సందులలో దురద, చిన్న నీటిపొక్కులు, కనురెప్పల వాపు కనిపిస్తే పని వెంటనే ఆపి చర్మవైద్యుని కలవండి. చేతితో ముఖం తాకినా, ధూళి ఎగిరినా మొదట చెప్పేవి కనురెప్పలే, వాటి చర్మం అతి పలుచన. పసుపు, నిమ్మరసం రాయవద్దు. మందుల దుకాణంలో అడిగి తెచ్చే మిశ్రమ పూతమందులలో తరచుగా బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. అది దద్దురును కప్పిపెడుతుందే గాని కారణాన్ని తొలగించదు. పాచ్ టెస్ట్‌తో కారణం తెలుసుకోండి. పాజిటివ్ వస్తే ఆ పదార్థపు పేరును వ్రాసి భద్రపరచి, దంతవైద్యునికి, ఎముకల వైద్యునికి తప్పక చూపండి.

పాలీయూరిథేన్‌తో పనిచేసిన రోజున రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగువు వస్తే తేలికగా తీసుకోరాదు. ఐసోసయనేట్ ఉబ్బసం పని ముగిసిన కొన్ని గంటల తరువాత కూడ రావచ్చు. అందుకే రోగి దానిని పనితో ముడిపెట్టుకోడు, వైద్యుడు అడగకపోతే బయటపడదు. ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు ఈ రెజిన్ జోలికి పోకపోవడం మేలు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల చేతినుండి ఈ సామగ్రిని లాక్కోవద్దు. చాటుగా, తలుపులు మూసిన గదిలో చేయడం మరింత ప్రమాదం. గాలి ఆడే వరండాలో ఒక బల్ల, ఒక బకెట్ నీరు, ఒక డబ్బా చేతితొడుగులు ఏర్పాటు చేయండి. మొదటి ముక్కను వారితో కలిసి మీరే కడగండి. మీకు గాని, మీ పిల్లలకు గాని ఈ పనిలో పైన చెప్పిన లక్షణాలు ఏవైనా కనిపిస్తే, వైద్యుడు అడగకపోయినా “నేను రెజిన్‌తో పనిచేస్తున్నాను” అని మీరే చెప్పండి.